ఆధారం లేదని తీసేస్తే కోపమొచ్చింది, మరి ఆధారం ఎవరు తయారు చేయాలె?





పోస్టు పొడుగుంటది. ఓపికతో చివరిదాకా చదవండి. తిట్టాలనిపిస్తే అప్పుడు తిట్టండి.

పోయిన ఏడాది ఇదే గ్రూపుల మేము ఒక స్క్రీన్‌షాట్ పెట్టినం. "తెలుగు వికీపీడియాలో మన ఊరి చరిత్ర రాస్తే ఒక్క రోజుల తీసేసిండ్రు, ఆదివాసీల గురించి రాస్తే ఓర్వలేరు" అని దాని కింద రాసినం. చాలామంది మా తరఫున కోపం చేసిండ్రు. కొందరు "అది మనది కాదు, వదిలేయండి" అన్నరు. ఇంకొందరు "బహిష్కరించాలె" అన్నరు. ఇయ్యాల ఆ పోస్టును మేమే వెనక్కి తీసుకుంటున్నం. అందులో మేము చెప్పింది సగమే. చెప్పని సగంల తప్పు మాది. ముందు అదే చెప్తం.

మేము ఒకే హాస్టల్ల ఉండే నలుగురం, ఉట్నూరు ఏజెన్సీ పిల్లలం. నలుగురం కలిసి సంఘం పేరు మీద ఒక ఖాతా తెరిచినం. మొదటి తప్పు అదే. అక్కడ ఖాతా అంటే ఒక మనిషి. ఏ మాట ఎవరు రాసిండ్రో కనబడాలె, ఆ మాటకు ఆ మనిషే జవాబు చెప్పాలె. సంఘం పేరు వెనుక నలుగురు దాక్కుంటే కుదరదు. రెండో తప్పు, పేపర్ల వచ్చిన ఒక కథనాన్ని ముందు పెట్టుకొని మూడు పేరాలు మక్కీకి మక్కీ దింపినం. విలేకరి రాసిన వాక్యం విలేకరిదే, దానికి కాపీరైట్ ఉంటది అనే సోయి మాకు లేదు. మూడో తప్పు, నడుమ నడుమ "వీరోచితమైన", "మహోన్నతమైన", "చిరస్థాయిగా నిలిచిన" అని పూలు చల్లినం. నాలుగోది చెప్పడానికి సిగ్గయితది. ఊరి చరిత్ర చివర మా సంఘం నాయకుడి పేరు, ఆయన చేసిన సేవలు రాసి, వాట్సాప్‌ల దొరికిన ఫోటో ఒకటి అంటించినం. ఆ ఫోటో ఎవరు తీసిండ్రో ఇప్పటికీ మాకు తెల్వదు.

తీసేసిండ్రు. తీసేయక ఏం చేస్తరు?

మా చర్చ పేజీల ఒక సందేశం కూడా పెట్టిండ్రు. అది మేము స్క్రీన్‌షాట్‌ల చూపించలేదు. అందులో తిట్టు లేదు, వెక్కిరింత లేదు. మీరు రాసింది అబద్ధమని అనడం లేదు, చదివే మనిషి దీన్ని ఎక్కడ సరిచూసుకోవాలో చెప్పండి అని అడిగిండ్రు. ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. జవాబు లేనప్పుడు కోపం తొందరగ వస్తది. అదే గ్రూపుల కుమ్మరించినం.

తర్వాత మాలో ఒకామె పట్టుబట్టింది. "మన గురించి ఎవరో తప్పు రాస్తే అడిగే హక్కు మనకుందని అంటం కదా, మరి మనం రాసిందాన్ని అడిగితే ఎందుకు మండుతుంది?" అన్నది. ఆమె మాటతోనే నలుగురం నాలుగు ఖాతాలు తెరిచి మొదటి నుంచి మొదలు పెట్టినం. ప్రతి వాడుకరికి ప్రయోగశాల అని ఒక పేజీ ఉంటది. చిన్నప్పటి పలక అనుకోండి, రాసి తుడుచుకోవచ్చు. నెల రోజులు అక్కడనే రాసి చూసుకున్నం. బయట వ్యాసాల్లో అక్షరదోషాలు దిద్దినం. ఆధారం లేని వాక్యానికి పుస్తకం పేరు, పేజీ నంబరు వెతికి పెట్టినం. ఒక వాక్యానికి ఒక సాయంత్రం పట్టిన రోజులున్నయి. ఫోటో పెట్టాలంటే మేమే తీసి, ఎవరైనా మా పేరు చెప్పి వాడుకోవచ్చని ఒప్పుకొని కామన్స్‌ల పెట్టినం.

అప్పుడు అర్థమైంది ఇంకొకటి. ప్రతి పేజీకి చరిత్ర అనే మీట ఉంటది. నొక్కితే మొదటి రోజు నుంచి ఎవరు ఏం కలిపిండ్రు, ఎవరు ఏం తీసిండ్రు, చాలాసార్లు ఎందుకు తీసిండ్రో కూడా వరుసగ కనబడతది. నచ్చకపోతే చర్చ పేజీల అడగొచ్చు, అక్కడ తెగకపోతే రచ్చబండల పెట్టొచ్చు. నిజంగనే ఆ పేజీ పేరు రచ్చబండ. మన పాఠ్యపుస్తకంల మన పాఠం ఎందుకు లేదో ఏ పేజీలనన్న కారణం రాసి ఉంటదా? అడగడానికి రచ్చబండ ఉంటదా? కారణం చెప్పి తీసేసేటోళ్లను పట్టుకొని "తుడిచేస్తున్నరు" అన్నం. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నం.

ఇగ "అది మనది కాదు, వదిలేయండి" అనేటోళ్లకు.

వికీపీడియా 2001 జనవరిలో ఇంగ్లీషులో మొదలైంది. తెలుగుది 2003 డిసెంబరులో. తెలుగు వ్యాసాలు ఇప్పుడు లక్ష దాటినయి. రాసేటోళ్లకు జీతం లేదు, ఎవరైనా రాయొచ్చు. మీరు వదిలేసినంత మాత్రాన అది మిమ్మల్ని వదలదు. మన తెగ పేరు గూగుల్ల కొడితే పైన వచ్చేది అదే. కోచింగ్ నోట్స్‌ల, ఎస్సై పరీక్షల బిట్లల్ల, యూట్యూబ్ వీడియోలల్ల తిరిగేది చాలావరకు దాన్నుంచి దించిందే. ఇప్పుడు ఫోన్‌ల అడిగితే జవాబు చెప్పే ఏఐలు కూడా అక్కడి రాత చదివి నేర్చుకున్నవే. రేపు మన పిల్లలు "గోండులు అంటే ఎవరు" అని అడిగేది తాతను కాదు, ఫోన్‌ను. అక్కడ ఏముందో, ఏం లేదో పట్టించుకోకపోవడం ఆత్మగౌరవం ఎట్లయితది?

మన ఏజెన్సీ ఊళ్ల పేజీలు తెరిచి చూడండి. చాలా ఊళ్లకు 2011 జనగణన లెక్కలతో పేజీ ఉంది. ఇళ్లెన్ని, జనాభా ఎంత, ఎస్టీలెంత, ఊరి కోడు ఎంత. తర్వాత బడి, దవాఖాన, పోస్టాఫీసు, బ్యాంకు. అవి 10 కిలోమీటర్లకు పైన ఉన్నయి అనే మాట మన ఊళ్ల పేజీలల్ల పదే పదే తగులుతది. ఆ లెక్కలు ఎక్కించినోళ్లు మంచిపనే చేసిండ్రు, వాళ్ల మీద మాకు ఫిర్యాదు లేదు. కానీ ఊరంటే లేనివాటి జాబితానా? ఊరిని కాచే అకిపేన్ సంగతి, దండారి ఏ ఊరి నుంచి ఏ ఊరికి పోతదనేది, ఏ సగ వాళ్లు ఎప్పుడొచ్చి నిలబడ్డరనేది ఆ పేజీల ఎవరు రాయాలె? జనగణన అధికారి రాస్తడా?

ఇంకో ముచ్చట. మనోళ్లు కొందరు వికీల రాయడమంటే శత్రువు రాసింది కొట్టేసి మన మాట పెట్టడం అనుకుంటరు. మేమూ అట్లనే అనుకున్నం. ఇంద్రవెల్లి తీసుకోండి. 1981 ఏప్రిల్ 20. కాల్పులల్ల చనిపోయింది 13 మంది అని సర్కారు లెక్క. 60 మంది దాకా అని పౌరహక్కుల వైపు నుంచి వచ్చిన లెక్క. ఇంకా ఎక్కువే అని మన ఊళ్లల్ల చెప్తరు. మాలో ఒకడు ఆవేశంతో "13 కొట్టేద్దాం" అన్నడు. కొట్టేస్తే ఏమైతది? రేపు ఇంకెవడో వచ్చి 60 కొట్టేస్తడు. తటస్థ దృక్కోణం అని అక్కడ ఒక నియమం ఉంది. దాన్ని చూసి మొదట భయపడ్డం, హంతకునికీ హతునికీ నడుమ నిలబడమంటున్నరా అని. కాదు. ఎవరు ఏం చెప్పిండ్రో వాళ్ల పేరు మీదనే రాయమంటున్నరు. "13 మంది చనిపోయారు" అని ఉంటే అది చరిత్ర అయి కూర్చుంటది. "13 మంది అని ప్రభుత్వం ప్రకటించింది" అని రాసి, పక్కనే రెండో లెక్క ఎవరిదో చెప్పి పెడితే, 13 అనేది ఒట్టి సర్కారు మాట అయితది. చదివే మనిషి ఈ రెండింటికీ ఇంత తేడా ఎందుకుందని ఆలోచిస్తడు. నినాదం కంటే ఆ తేడాకే బలమెక్కువ.

కుమ్రం భీమ్ పేరే చూడండి. కొమరం, కొమురం, కుమ్రం, కుమురం అని నాలుగు తీర్ల రాస్తరు. జిల్లాకు సర్కారు పెట్టిన పేరుల "కుమురం భీం" అని ఉంది. జోడేఘాట్ల మనం వర్ధంతి చేసేది ఆశ్వయుజ పౌర్ణమికి. 1940 అనేది అందరూ ఒప్పుకునేదే, కానీ ఇంగ్లీషు తేదీ దగ్గరికి వచ్చేసరికి పుస్తకానికో తేదీ ఉంటది. దీని మీద మన గ్రూపుల ఏటా కొట్లాట. మనం చేయాల్సిన పని ఏ పుస్తకంల ఏ తేదీ ఉందో అన్నీ పక్కపక్కన పెట్టి, మనోళ్లు తిథి లెక్కన జరుపుకుంటరని అందులో చేర్చడం. కామెంట్లల్ల ఒకరినొకరు తిట్టుకుంటే ఏ తేదీ తేలదు.

ఇప్పటిదాకా మా తప్పు, మన తప్పు చెప్పినం. ఇక మనది కాని తప్పు గురించి చెప్తం. దీన్ని గూడ నోరు మూసుకొని ఒప్పుకునేది లేదు.

ఆధారం అంటే అచ్చయింది. అచ్చయింది అంటే ఎవరు వేసింది? భీమ్ పోరాటం అణిచివేసినంక నిజాం సర్కారు హైమెన్‌డార్ఫ్‌ను ఆదిలాబాద్ అడవులకు పంపింది. ఆయన మార్లవాయిల ఉన్నడు, మనోళ్ల మేలు కోరిండు, బడులు పెట్టించిండు. ఆయన భార్య బెట్టీ సమాధి మార్లవాయిలనే ఉంది. మనం ఇప్పటికీ దండం పెడతం, అందులో మార్పు లేదు. 1948ల వచ్చిన ఆయన ఆదిలాబాద్ రాజ్‌గోండుల పుస్తకం ఇయ్యాల వికీపీడియాలో గట్టి ఆధారం. మంచిది. కానీ ఆ పుస్తకంలోని మన పుట్టుక కథలు, నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవుళ్ల సగల వరుసలు ఆయన ఎక్కడి నుంచి తెచ్చిండు? మన ఊళ్లల్ల మన పెద్దలను, కీక్రి వాయించి కథ చెప్పే పర్ధాన్‌లను అడిగి తెచ్చిండు. ఆయన రాసుకున్న మాట ఆధారమైంది. ఆయనకు ఆ మాట చెప్పిన పర్ధాన్ ఆధారం కాలేదు. పర్ధాన్ మనుమడు ఇయ్యాల అదే కథ నోటితో చెప్తే "మూలం లేదు" అంటరు. చెప్పినోడి కంటే విన్నోడు గొప్పోడు ఎట్లయిండు?

ఈ ప్రశ్న మేమే మొదట అడుగుతలేం. 2011ల అచల్ ప్రభల అనే ఆయన, మరికొందరు కలిసి మౌఖిక ఆధారాల ప్రయోగం చేసిండ్రు. మలయాళం, హిందీ, దక్షిణాఫ్రికాలోని సెపెడి భాషల వికీపీడియాల కోసం, పుస్తకాలల్ల లేని సంగతులను తెలిసిన మనుషులతో మాట్లాడి, రికార్డు చేసి, ఆ రికార్డునే ఆధారంగా చూపించిండ్రు. అది నియమం కాలేదు. కానీ దారి ఉందని చూపించింది. రచ్చబండల ఈ వాదన మనం ఎత్తాలె. ఎత్తాలంటే ముందు అక్కడ మనకు నాలుగు మంచి దిద్దుబాట్ల పేరుండాలె. వంద తప్పులు చేసి వచ్చి నియమం మార్చమంటే ఎవరు వింటరు? పంచాయితీల కూర్చోనోడు తీర్పు బాగాలేదంటే ఎట్లుంటదో ఇదీ అట్లనే.

నియమం మారేదాకా ఏం చేయాలె? మనం అచ్చు వేయాలె. మేము ఈ పోస్టు రాసిందే ఈ మాట కోసం.

2021ల గుస్సాడీ కనకరాజు తాతకు, 2022ల కోయ డోలి వాయించే సకిని రామచంద్రయ్య తాతకు పద్మశ్రీ వచ్చింది. అవార్డు వచ్చినంక కెమెరాలు వాళ్ల ఊళ్లకు పోయినయి. అంతకుముందే వాళ్లు ఏండ్ల తరబడి ఆడుతనే ఉన్నరు, పాడుతనే ఉన్నరు. ఇద్దరూ 2024లనే పోయిండ్రు, ఒకే ఏడాది. సమ్మక్క సారలమ్మ కథ కోయల పాడే గొంతు ఒకటి అట్ల ఆగిపోయింది. ఇప్పుడు ఆ కథ గురించి రాయాలంటే అప్పటిదాకా రికార్డయింది, అచ్చయింది ఎంతనో అంతే. మీ ఊర్ల అవార్డు రాని తాత, అవ్వ ఎంతమంది ఉన్నరు? వాళ్లు పోయేదాకా ఆగుదామా? "వికీల రాయనిస్తలేరు" అని అప్పుడు కూడా పోస్టు పెడదామా?

మనల ఎంఏలు చేసినోళ్లు, పీహెచ్‌డీలు చేసినోళ్లు ఉన్నరు. ఊర్లకు పోయి పెద్దలను అడిగి, ఫోటోలు తీసుకొని, పట్టా తెచ్చుకొని, ఆ కట్టను అల్మారాల పెట్టి తాళమేసిండ్రు. అన్నా, అక్కా, కోపం చేయకండి. ఆ సిద్ధాంత గ్రంథం నాలుగు అధ్యాయాలు పుస్తకంగనో, పత్రికలనో వేస్తే తర్వాత రాసే వంద మంది పిల్లలకు అది ఆధారం. హైమెన్‌డార్ఫ్‌కు చెప్పిన తాతల పేర్లు మనకు చాలావరకు తెల్వవు. మీకు చెప్పిన తాతల పేర్లన్న అచ్చుల ఉండాలె కదా.

"మనది నోటి సంప్రదాయం, మనకు రాత లేదు" అని మనమే అంటం. గుంజాల ఊర్ల దొరికిన గోండి రాతప్రతుల సంగతి మరిచిపోయినమా? మన ఆదిలాబాద్ల, నార్నూర్ మండలంల. ఆ లిపికి 2018ల యూనికోడ్‌ల చోటు దొరికింది. అంటే ఫోన్‌ల, కంప్యూటర్ల రాసే వీలుంది. అదే 2018 ఆగస్టుల సంతాలీ వాళ్లు ఓల్ చికి లిపిల సొంత వికీపీడియా తెచ్చుకున్నరు. రఘునాథ్ ముర్ము ఆ లిపి తయారు చేసింది 1925ల. అప్పటి నుంచి వాళ్లు ఆ లిపిల చదువుకున్నరు, పుస్తకాలు వేసుకున్నరు, అందుకే వికీపీడియా నిలబడ్డది. 2011 జనగణనల గోండి మా భాష అని చెప్పినోళ్లు 29 లక్షలకు పైనే. ఇంతమంది ఉండి మనకు లేనిది ఏంది? రోజుకో పేరా రాసే పదిమంది లేరు.

ఒక మాట భయంతో కూడా వస్తది. మా కటోడ తాత అడిగిండు, "అన్నీ బయట పెడితే మనకు మిగిలేదేంది?" అని. ఆ భయం న్యాయమైనదే. కేస్లాపూర్ నాగోబా జాతరకు మెస్రం వంశంవాళ్లు హస్తినమడుగు నుంచి గోదావరి నీళ్లు కాలినడకన తెస్తరు. పుష్య అమావాస్యకు పూజ మొదలైతది. ఇది లోకమంతా చూసేదే, పేపర్ల వచ్చేదే, రాయొచ్చు. కానీ వంశంవాళ్లు తమ నడుమనే ఉంచుకునే పూజ సంగతి రాయాలా వద్దా అనేది వాళ్లు చెప్పాలె. సెల్‌ఫోన్ ఉంది కదా అని మనం నిర్ణయించొద్దు. రాయకుండ ఉండటం కూడా ఒక హక్కు. అయితే పెద్దలను అడిగి ఆపుకోవడం వేరు, బద్ధకంతో రాయకపోవడం వేరు. మనం రెండోది చేస్తూ మొదటిదాని పేరు చెప్పుకుంటున్నం.

ఒక్కరోజు వర్క్‌షాపుల గురించి కూడా చెప్పాలె. బిస్కెట్, చాయ్, సర్టిఫికెట్, గ్రూప్ ఫోటో. ఆ రోజు వందమంది ఖాతాలు తెరుస్తరు, మెషీన్ అనువాదం ఒకటి అంటిస్తరు, మళ్లా అటు దిక్కు చూడరు. ఆ చెత్త దిద్దుకుంట ఇంకెవరో కూర్చోవాలె. ఇట్ల మన పేరు మీద జరిగే పని మనకు వద్దు.

మరి ఏం చేద్దాం? మేము చేస్తున్నది చెప్తం, కలిసి రండి.

సెలవులకు ఊరికి పోయినప్పుడు ఒక్క పెద్దమనిషి దగ్గర కూర్చోండి. ఆయన ఒప్పుకుంటెనే రికార్డు చేయండి. ఆయన పేరు, ఊరు, తేదీ రాసుకోండి. దాన్ని మన కాలేజీ పత్రికలనో, సంఘం వేసే పుస్తకంలనో అచ్చు వేయించుదాం. సొంతంగ వేసుకున్న పుస్తకానికి అక్కడ విలువ తక్కువని తెలుసు. అందుకే సంపాదకులుండి పరిశీలించి వేసే పత్రికలకు, విశ్వవిద్యాలయాలకు, గిరిజన పరిశోధన సంస్థకు పంపుదాం. వేయకపోతే ఎందుకు వేయలేదో అడుగుదాం. అక్కడ అడగాల్సిన కోపాన్ని మనం జీతం లేకుండ వ్యాసాలు దిద్దే మనిషి మీద చూపించినం.

ఊరి పేజీల ఒక్క ఫోటో పెట్టండి, మీరే తీసింది. ఒక్క తప్పు దిద్దండి. మన నాయకుడి పేజీ కోసం కొట్లాడకండి. ఆయన అంత గొప్పోడైతే ఇంకెవరో రాస్తరు. మీ రాత తీసేస్తే స్క్రీన్‌షాట్ ఈ గ్రూపుల పెట్టేముందు చర్చ పేజీ చదవండి. తీసేసింది అన్యాయమైతే పెట్టండి, నలుగురం కాదు, నలభై మందిమి రచ్చబండకు పోయి మర్యాదగ అడుగుదాం.

మా ఊరి పేజీల ఇప్పుడు జనాభా లెక్కల కింద మేము రాసిన రెండు పేరాలున్నయి. ఆరు వాక్యాలు. ప్రతి వాక్యానికి ఆధారముంది. తాత చెప్పిన కథ ఇంకా అందులో లేదు. అది మా నోట్‌బుక్కుల ఉంది, అచ్చు కోసం చూస్తుంది. ఆ కథ ఆ పేజీలకు ఎక్కేదాకా మేము ఆగం.

జోహార్ కుమ్రం భీమ్! ఇంద్రవెల్లి అమరులకు జోహార్!
జై ఆదివాసీ!